ఎర్రగీతకు ఎనిమిది వేలు

పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీవిజయపురం అయింది గానీ, రోడ్లు మాత్రం పాతవే: ఎక్కు, దిగు, మలుపు, మలుపు వెనక ఆవు. అలాంటి ఊళ్ళో వెనక 'స్పోర్ట్స్' అని రాసున్న కారు కొన్నావంటే, తమ్ముడూ, ఇంజను నిమిషానికి ఎన్ని చక్కర్ల దగ్గర ఆగాలో, అంటే రెవ్ లిమిటర్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం పెళ్ళిచూపుల కన్నా పెద్ద పని. జంగ్లీఘాట్ మెకానిక్కులు ఏవేవో చెబుతారు. వాళ్ళ మాట వినకు.

కంపెనీవాడు 6,500 దగ్గర కట్టేశాడంటే వట్టి పిసినారితనం. లాప్‌టాప్ తగిలించి 8,000 చేయించు. పిస్టన్ కిందికీ పైకీ ఊగేటప్పుడు కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు చక్కర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుందట. చక్కర్లు పావు వంతు కూడా పెరగకుండానే లాగుడు ఒకటిన్నర రెట్లు అవుతుందట. లెక్కలు ఇంటర్‌తోనే వదిలేశాం కదా, మళ్ళీ ఎందుకు? ఆ వేగంలో వాల్వు స్ప్రింగు కామ్‌ వెంట పరుగెత్తలేక వాల్వు మూసుకోకపోతే, పైకొచ్చిన పిస్టన్ దానికి తగులుతుంది. తగలనీ. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ముఖాలు చూసుకోలేదు పాపం.

ఇక అసలు తగువు: ఆపాల్సింది పెట్రోలునా, స్పార్కునా? ఫ్యాక్టరీవాళ్ళు ఎక్కువగా ఇంజెక్టర్లను ఆపేస్తారు. పెట్రోలు పడదు, మండేదేమీ ఉండదు, సైలెన్సర్ క్షేమం. ఇందులో మజా ఏముంది? నువ్వు స్పార్క్ కట్ అడుగు. పెట్రోలు పడుతూనే ఉంటుంది, ప్లగ్గు ముట్టించదు. మండని పెట్రోలు వేడి గొట్టంలోకి పోయి అక్కడ అంటుకుంటుంది. ఢాం! అబర్దీన్ బజారు గడియార స్తంభం దగ్గర తలలన్నీ నీవైపే. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపలి పింగాణీ జల్లెడ ఆ వేడికి కరిగి దారి మూసుకుపోవచ్చు. మూసుకుపోతే కారు ఎనిమిది వేలు కాదు, నాలుగు వేలకే ఆయాసపడుతుంది. లిమిటర్ చేయాల్సిన పని లిమిటర్ అక్కర్లేకుండానే జరిగిపోయింది, చూశావా! నేనైతే దీన్ని పొదుపు అంటాను.

టర్బో ఉందా? అయితే పెట్రోలు కట్‌కే వెళ్ళు, కాకపోతే అరకొరగా చేయించు. పూర్తిగా ఆపితే సిలిండరుకు ఏమీ కాదు. సగం పోసి సగం ఆపితేనే గాలి ఎక్కువై, నాకింగ్ మొదలై, పిస్టన్ నెత్తిన చిల్లు పడే యోగం.

మెత్తగా ఆపే పద్ధతి ఒకటుంది. ఎర్రగీతకు కాస్త ముందు నుంచే స్పార్కును ఆలస్యం చేస్తూ, థ్రాటిల్‌ను మెల్లగా మూస్తూ పోతారు. వద్దు. మర్యాదగా ఆగే ఇంజన్ను ఎవరూ వీడియో తియ్యరు.

లిమిటర్ పెట్టించాక గేర్ల సంగతి మరిచిపో. కార్బిన్స్ కోవ్ దారిలో అయిదు నుంచి నాలుగు అనుకుని రెండు వేసినా భయం లేదు, పైన కాపలా ఉందిగా! ఈ మాటకు మెకానిక్కు నవ్వుతాడు: లిమిటర్ పెట్రోలు ఆపగలదు, స్పార్కు ఆపగలదు, కింద నుంచి ఇంజన్ను తిప్పుతున్న చక్రాలను మాత్రం ఆపలేదు అంటాడు. అసూయ.

పరీక్షించడానికి అండమాన్ ట్రంక్ రోడ్డు ఎక్కు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ వరస కట్టి, పోలీసు ఎస్కార్టుతో జారవా ఆదివాసుల అడవిలోంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా పోతాయి. గంటకు 40 దాటకూడదు, ఓవర్‌టేక్ లేదు, ఆగడం లేదు, ఫోటోల్లేవు. 2002లో సుప్రీంకోర్టు మూసెయ్యమన్న ముక్క ఇదే. ఇంకా నడుస్తూనే ఉంది. నా సలహాలన్నీ ఇక్కడ పక్కన పెట్టెయ్. అది వాళ్ళ అడవి, మన ఢాంఢాంలు వాళ్ళెవరూ అడగలేదు. మొదటి గేరులో 40కే చాలా పెట్రోలు కార్లు 5,000 దాటిపోతాయి కాబట్టి పైగేరు వేసుకుని నోరు మూసుకుని పో. మిడిల్ స్ట్రెయిట్‌లో కారును ఫెర్రీ ఎక్కించి బారాటాంగ్‌కు దాటిస్తారు. అక్కడ ఇంజను ఆపేసి కూర్చో. తాళంచెవిని మించిన లిమిటర్ ఇంకా ఎవడూ కనిపెట్టలేదు.

సామాను సంగతి చెప్పడం మరిచాను. ఇక్కడ వాల్వులూ బేరింగులూ పిస్టన్ సెట్టూ చెన్నై నుంచో విశాఖ నుంచో కోల్‌కతా నుంచో ఓడ మీద రావాలి, వానాకాలంలో సముద్రం ముదిరితే ఆ ఓడా ఆలస్యమే. కాబట్టి ట్యూనింగ్‌కు ముందే విశాఖలో బావమరిదికి ఫోన్ చేసి అన్నీ రెండేసి సెట్లు పంపమను. బీమావాడికి మాత్రం ట్యూనింగ్ ఊసెత్తకు. క్లెయిము ఫారంలో కారణం దగ్గర 'సముద్రపు గాలి' అని రాయి. ఈ దీవుల్లో తుప్పు మీద నెట్టేస్తే ఎవరూ ఎదురు మాట్లాడరు.