మెట్లు లేని కొండ

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మదరాసు రాష్ట్రమున గలిసినప్పుడు, తిన్నెమీది చాపయైనను మడవకయే ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు చేరిన వంశమున జనించినవాడగుటచేతనో యేమో, మన మహాశయునకు దేశాంతరవాసమనిన భయము లేకుండెను. నిశ్చింతగా న్యూజెర్సీలో కంప్యూటరు కొలువునకు విమానమెక్కెను. అట్టివారు ఆ సీమలో పెక్కండ్రు కలరు. తిరువళ్ళూరువాడైనను, పళ్ళిపట్టువాడైనను, ఒకని చెప్పిన అందఱను చెప్పినట్లే.

ఆతడు ప్రతిసంధ్యయందును వర్ణించునది తన పూర్వాశ్రమపు ఆరుబయలు. వేసవి రాత్రి నీళ్ళు చల్లిన మిద్దెపై పరచిన చాప, నగరికొండలపై ప్రాకు నీరెండ, గట్టునుండి దిగుడుబావిలోనికి దుముకుట, తాటిముంజలలోనికి బొటనవ్రేలు గ్రుచ్చుట, ఆడికృత్తికనాడు హరోహరయని కావళ్ళు మోయు జనముతో త్రోపులాడుట, ఇవి యన్నియు సవిస్తరముగా చెప్పుచు, దోమలను, కత్తిరియెండలను మాత్రము పరిహరించును. కావ్యకర్తలకు గల స్వాతంత్ర్యమే యిది, ఆక్షేపింపరాదు. సుబ్రహ్మణ్యస్వామి కొండకు సంవత్సరపు దినములన్ని, అనగా 365 మెట్లున్నవనియు, వానిని తాను నిత్యము నెక్కితిననియు చెప్పును గాని, వాహనములు పోవు దారి యొకటి కలదను సంగతి యెత్తడు.

ఇక ఆ దేశమున ఆరుబయలనునది గడప దాటినచోట నుండదు. శనివారమున రెండుగంటలు కారులో పోయి, రుసుము చెల్లించి, ప్రత్యేకపు బూట్లు తొడిగి దర్శింపవలసిన పదార్థమది. సంజవేళ వాకిటియెదుట ఊరక కూర్చుండినచో, తాళపుచెవి పోయినదాయని ఇరుగుపొరుగువారు పరామర్శింతురు.

ఒకమాఱు మిత్రులాతనిని రాకీ పర్వతములకు గొనిపోయి మంచుశిఖరములను చూపిరి. నడుమున చేతులుంచి చాలసేపు పరికించి, "కొండ బాగానే ఉండాది గానీ, మెట్లు యాడ?" అనెను. నవ్వినవారు ఆతని వేదన నెఱుంగరు. మెట్లున్న కొండపై మనుష్యులుందురు: నడుమ కూలబడి ఆయాసము తీర్చుకొను ముసలమ్మ, కర్పూరమమ్ము కుఱ్ఱవాడు, ఎదురుపడి కుశలమడిగి, ఆ యూపిరితోనే పెండ్లిసంబంధమొకటి చెప్పు దూరపుబంధువు. మనవానికి ఆరుబయలనగా చెట్లు చేమలు గావు. పదుగురకు కనబడుచు ఏమియు చేయకుండుట.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామివారి హృత్తాపనాశినీ పుష్కరిణిలో బెల్లము కరగించిన రోగములును కరగునను విశ్వాసమున పెరిగినవాడగుటచే, ఒక యమావాస్యనాడు మోకాలినొప్పి నుద్దేశించి న్యూజెర్సీలోని యొక సరస్సున బెల్లపుముక్క విడువబోయెను. చేపలకు మేత వేయరాదను పలకను ఉద్యానపాలకుడొకడు మౌనముగా వ్రేలితో చూపెను. ఆ బెల్లముతో ఇంట పాయసము వండించుకొనెను; మోకాలు యథాప్రకారముగా నున్నది.

రెండేండ్లకొకమాఱు ఆడినెలలో స్వగ్రామమునకు వచ్చును. ఈ తడవ వచ్చిచూడ, తిన్నెకు ఇనుపకమ్ముల తలుపు బిగించి లోపల మోటారుసైకిలు నిలిపియుండిరి; గదికొక ఏసీ యుండెను; దీపాలవేళకే ఇంటిల్లిపాదియు తలుపులు మూసికొని టీవీ సీరియలు ముందర ఆసీనులైరి. మనవాడు అభిమానముతో చాప చంకనబెట్టి ఒంటరిగా మిద్దెయెక్కెను. ఇరుగుపొరుగు మిద్దెలపై నీళ్ళతొట్లు తప్ప పలుకరింపదగిన వారెవ్వరును లేరు. కావ్యమున పరిహరింపబడిన దోమలు మాత్రము ఆప్తబంధువులవలె తరలివచ్చెను. అర్ధరాత్రమున ఆ చప్పట్లు విని, మోకాళ్ళు సహింపక మెట్లెక్కజాలని మేనత్త క్రిందినుండియే, "ఏం నాయనా, ఆ దేశంలో ఏసీలు లేవా?" అని కేకవేసెను. ప్రత్యుత్తరమునకై నిలువక, "పాపం, అలవాటు లేదంట, అందుకే పైన పడుకున్నాడు" అని ఇంటివారికి నచ్చజెప్పి, చల్లగాలి పోకుండ తలుపు వేసికొనెను.