ఒక డబ్బా ఫోన్ వాంగ్మూలం

నన్ను డబ్బా ఫోన్ అంటారు. అననీ. కానీ ఆ మాట అన్నవాళ్ళలో చాలామందికి తమ బ్యాంకు ఖాతా వాకిట్లో కాపలా ఉన్నది ఈ డబ్బానే అన్న సంగతి తెలియదు. నా బాధ అదీ.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్‌లో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలై 2014 నవంబరులో మూతపడింది. ఆ మధ్యలో ఎప్పుడో నన్ను బిగించి, అట్టపెట్టెలో పెట్టి పంపారు. పుట్టిల్లు మూతపడే నాటికి నేను ముదిగుబ్బ మండలంలో ఒక పల్లె చేరుకున్నాను. ముదిగుబ్బ అంటే అనంతపురం నుంచి కదిరికి పోయే రోడ్డు మీది ఊరు. అప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. బెంగళూరులో బేల్దారి పని చేసే కొడుకు వాళ్ళ అమ్మకని నన్ను కొన్నాడు. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలుస్తారు, నేనూ అంతే.

నా కాపురం అవ్వ వక్కాకు తిత్తిలో. తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ, నేను. ఆ సున్నం నా మీటల సందుల్లోకి దిగి ‘5’ అంకె చెరిగిపోయింది. వెనక మూత వదులైతే రబ్బరు బ్యాండు వేసింది. అయినా గర్వంగానే బతికాను. కరెంటు పోయిన రాత్రుళ్ళు శెనక్కాయ కుప్ప కాడ కాపలా పడుకుంటే నా టార్చి వెలుతురులోనే పాములు పక్కకు తప్పుకున్నాయి. ఒకసారి ఛార్జింగ్ పెడితే నాలుగు రోజులు నిలిచేవాడిని. ఇప్పటి అద్దాల ఫోన్లు సాయంత్రానికే వాలిపోతాయి. వాటిని పొగుడుతుంటే నాకు నవ్వొస్తుంది.

కొన్నాళ్ళకు తిత్తిలోకి కొత్త చుట్టం వచ్చింది. సున్నా నిల్వ ఖాతాకు ఇచ్చిన ఏటీఎం కార్డు. వెనకాల నల్ల గీత తప్ప చిప్పు లేని పాతకాలపు కార్డు. దాని నాలుగంకెల పిన్నును క్యాలెండరు కాగితం ముక్క మీద రాసి, ఆ కాగితాన్ని కార్డుకే చుట్టి పెట్టారు. తాళంచెవిని తాళానికే వేలాడదీసినట్టు. చెప్దామంటే నాకు నోరెక్కడిది? ఎవరో ఫోన్ చేస్తేనే కదా నేను మాట్లాడేది.

నాకు పని చెప్పింది బ్యాంకు. ఖాతాలో రూపాయి కదిలినా నాకు కబురు పంపుతుంది. కానీ ఆ కబురు ఇంగ్లీషులో వస్తుంది. ‘క్రెడిటెడ్’, ‘డెబిటెడ్’ అన్న రెండు మాటలూ అవ్వకు ఒకే ‘టింగ్’. ఉపాధి పని కూలీ పడినా టింగ్, ఎవడో దోచుకున్నా టింగ్. ఆ టింగుల మధ్య రీఛార్జి ఆఫర్లు, కాలర్ ట్యూన్లు, లాటరీ శుభాకాంక్షలు. నా పెట్టె చిన్నది. తరచూ నిండిపోయి ‘ఇన్‌బాక్స్ ఫుల్’ అని తెర మీద ఎర్రగా కనబడేది. అది నా ముఖం మీద మచ్చ అనుకుందో ఏమో, అవ్వ ఒక్కసారీ అడగలేదు.

2018. వాన మొహం చాటేసిన ఏడాది. డ్వాక్రా సంఘం అప్పులో అవ్వ వాటా ఇరవై వేలు ఖాతాలో పడింది. ఒక రెండో శనివారం రాత్రి తొమ్మిదింటికి కొడుకు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, విత్తనాల బాకీ తీర్చమన్నాడు. “సోమవారం తెస్తాలే నాయనా” అంది అవ్వ. పదకొండు దాటినాక నాకు రెండు కబుర్లు వచ్చాయి. ఏదో దూరపు నగరంలో ఏటీఎం నుంచి తొమ్మిది వేలు, మళ్ళీ తొమ్మిది వేలు. ఆ కార్డు నా పక్కనే తమలపాకుల కింద పడుకుని ఉంది. దాని గీతలోని గుట్టును ఏ ఊరి మిషన్ కాడ ఎవడు దొంగిలించాడో, పిన్ను నొక్కే వేళ్ళను ఏ చాటు కెమెరా చూసిందో, ఎవరూ తేల్చలేదు. నేను మాత్రం రెండుసార్లు మోగాను. అవ్వ నిద్దట్లో తిత్తిని దిండు కింద ఇంకాస్త లోపలికి తోసింది.

ఆ ముందు ఏడాదే, 2017 జులై 6న, రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. మనం చేయని లావాదేవీకి నష్టం ఎవరు మోయాలో అందులో ఉంది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారు మీద రూపాయి భారం లేదు, ఫిర్యాదు చేసినా చేయకపోయినా. తప్పు బ్యాంకుదీ కాదు, ఖాతాదారుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగిందంటే అక్కడ లెక్క మొదలవుతుంది. కబురు అందాక మూడు పనిదినాల్లో చెబితే భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే కొంత మోయాలి: సున్నా నిల్వ ఖాతాకు 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000, పెద్ద కరెంటు ఖాతాలకూ 5 లక్షలు దాటిన క్రెడిట్ కార్డులకూ 25,000, లేదా పోయిన సొమ్ము, ఏది తక్కువైతే అది. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు తన విధానంలో ఏం రాసుకుందో దాని ప్రకారం. కబురు వచ్చిన రోజు లెక్కలోకి రాదు. సెలవులూ రావు. ఖాతా ఉన్న శాఖ తలుపు తెరిచిన రోజులే లెక్క.

గమనించారా, గడియారం తిరగడం మొదలయ్యేది నేను మోగినప్పటి నుంచి. అవ్వకు అర్థమైనప్పటి నుంచి కాదు. ఆదివారం పోయింది. సోమవారమూ పోయింది, అవ్వకు జ్వరం వచ్చి బ్యాంకుకే పోలేదు. మంగళవారం, బుధవారం నా మీద తమలపాకులు వాడిపోయాయి. గురువారం రీఛార్జికని అంగడికి పోతే అక్కడి పిల్లోడు నా పెట్టె తెరిచి చూశాడు.

“అవ్వా, నువ్వు తొమ్మిది వేలు రెండు మార్లు తీసినావా?”

“నేను యాడికి పోతిని రా, జొరంతో మంచం మీదుంటే!”

అటు నుంచి అటే బ్యాంకుకు పోయింది. దాని పేరు చెప్పను. అక్కడ కౌంటరులో ఉన్నాయన తల ఎత్తకుండానే అన్నాడు: “పిన్ ఎవరికైనా చెప్పింటావు. లేకుంటే ఎట్ల పోతాది?” అవ్వ అమాయకంగా తిత్తి విప్పి, కార్డుకు చుట్టిన చీటీ చూపించింది. ఆయన మొహం వెలిగిపోయింది. “చూడు, తప్పు నీదే కదా!” ఆ క్షణంలో నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

డ్వాక్రా యానిమేటరమ్మ లేకపోతే కథ అక్కడే ముగిసేది. ఆమె మర్నాడు అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. “సార్, ఆ చీటీ ఈ తిత్తి దాటి బయటికి పోయిందని మీరు చూపించండి. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సింది బ్యాంకే అని మీ రిజర్వు బ్యాంకే చెప్పింది” అంది. తర్వాత నా వైపు వేలు చూపించింది. “ఆ రాత్రి తొమ్మిదింటికి అవ్వ ఈ ఫోన్లో కొడుకుతో మాట్లాడింది. టవరు ఏ ఊరిదో కంపెనీని అడగండి. పదకొండింటికి ఆ నగరానికి ఎగిరి పోయిందా?” నా జన్మలో నన్ను సాక్షిగా పిలిచింది ఆ ఒక్కసారే. అప్పటికప్పుడు కార్డు ఆపించి, గురువారం నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును ఆ తేదీతోనే కాగితం మీద పెట్టించి, ఫిర్యాదు నంబరు రాయించుకుంది. ఆ నంబరు లేకపోతే ఎప్పుడు చెప్పామన్నదానికి ఆధారమే ఉండదు.

ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోగా ఆ సొమ్మును ఖాతాలో చూపించాలి, తొంభై రోజుల్లోగా తేల్చాలి. తేల్చారు. తప్పు అవ్వది కాదన్నారు. కానీ నాలుగో పనిదినం అన్నారు. పైగా ఆ పరిమితి ఒక్కో లావాదేవీకి లెక్క. దొంగ రెండుసార్లు తీశాడు కాబట్టి రెండు అయిదు వేలు. పద్దెనిమిది వేలలో ఎనిమిది వేలు తిరిగొచ్చాయి, పది వేలు పోయాయి. ఒకేసారి పద్దెనిమిది వేలు తీసి ఉంటే అయిదు వేలతో సరిపోయేది! దొంగకు కూడా ఎట్లా దొంగతనం చేయాలో చెప్పి పంపాల్సిన కాలం. బ్యాంకు తలుచుకుంటే ఖాతాదారు వంతు కూడా మాఫీ చేయొచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది. తలుచుకోలేదు. వచ్చిన మెసేజీకి తిరుగు జవాబు పంపి అక్కడికక్కడే అభ్యంతరం చెప్పే వీలు కల్పించాలని కూడా అందులోనే ఉంది. నాకొచ్చిన ఆ రెండు కబుర్లకు జవాబు పంపే దారి నాకైతే కనపడలేదు.

కొన్ని నెలలకే, 2019 జనవరిలో, కేరళ హైకోర్టు ఒక తీర్పు చెప్పింది. విదేశంలో ఉన్న ఖాతాదారు సొమ్ము పోతే, మెసేజీలు పంపినా ఆయన పలకలేదు కాబట్టి బాధ్యత మాది కాదని అక్కడి బ్యాంకు వాదించింది. మెసేజీలు చూసే అలవాటు లేని ఖాతాదారులు ఉంటారు, ఆ ఒక్క కారణంతో బ్యాంకు తప్పించుకోలేదని కోర్టు అంది. అది నా తరఫు తీర్పు అనిపించింది. కరువు వస్తే మా కదిరి వైపు నుంచి కేరళకు వలస పోయేవాళ్ళను చూశాను గానీ, అక్కడి నుంచి ఇటు న్యాయం వలస రావడం వినడం అదే మొదలు. అవ్వకు చెబితే “కోర్టుకు పోను చార్జీలెవరిస్తారు” అంది. నిజమే. పది వేల కోసం హైకోర్టుకు పోవచ్చని చెప్పడం కడుపు నిండినవాళ్ళ మాట. రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు రూపాయి ఖర్చు లేకుండా రాయొచ్చన్న సంగతి ఆ పల్లెలో ఎవరికీ తెలియదు. బ్యాంకు 30 రోజుల్లో పలకకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా అక్కడికి పోవచ్చు.

అప్పటి నుంచి అవ్వ మారింది. నేను మోగితే చాలు, బడికి పోయే పిల్లనెవరినో పిలిచి చదివించుకునేది. “బ్యాంకు మేనేజర్ను మాట్లాడుతున్నా, కార్డు మీది నంబరు చెప్పండి” అని వచ్చీరాని తెలుగులో ఒకడు ఫోన్ చేస్తే, “అద్దాలు యాడ పెట్టినానో కనపడలేదు నాయనా, నువ్వే ఇంటికి రా, సంగటి తిని చూసుకుందువు” అంది. వాడు మళ్ళీ చేయలేదు.

పక్కింటి ఆటో అబ్బాయికి అంత చమత్కారం లేదు. అలాంటి వాడికే ఓటీపీ చెప్పేశాడు. ఇరవై వేలు పోయాయి. ఇక్కడ న్యాయం వేరు. తనంతట తాను గుట్టు చెప్పుకుంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా తన నష్టమే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు నష్టం. ఆ అబ్బాయి ఫోన్లో బ్యాలెన్సు అయిపోయి ఉంటే అవ్వ నన్ను ఇచ్చింది. నాలోంచే బ్యాంకుకు చెప్పాడు. ఆ తర్వాత అరగంటకు మరో పదిహేను వేలు పోయాయి. ఆ పదిహేను వేలు బ్యాంకు కట్టింది. ఒక్క ఫోన్ కాల్‌కు అటు ఇరవై, ఇటు పదిహేను. నా విలువ ఎంత అని అడిగేవాళ్ళకు నేను ఆ లెక్కే చెబుతాను. ఇప్పుడైతే 1930 అనే నంబరు కూడా ఉంది. వెంటనే చేస్తే దొంగ ఖాతాలో పడిన సొమ్మును, వాడు తీసుకునేలోపు ఆపించే అవకాశం ఉంటుంది.

గీత కార్డుల కాలం 2018 డిసెంబరు 31తో తీరిపోయింది. నా తిత్తి నేస్తాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి చిప్పు కార్డు ఇచ్చారు. ఇక భయం లేదనుకున్నాను. కానీ 2022 జనవరిలో హైదరాబాదులో మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కంప్యూటర్లలోకే దొంగలు దూరి పన్నెండు కోట్లకు పైగా తరలించారు. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్ళే దొంగలకు ద్వారం తెరిచాయి. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ఆ మహేశ్ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. చీటీ చుట్టి పెట్టుకున్న అవ్వను చూసి మొహం వెలిగిపోయిన కౌంటరాయన ఆ వార్త చదివాడో లేదో.

నా సంగతికి వస్తాను. బ్యాటరీ ఉబ్బింది. వెనక మూత రబ్బరు బ్యాండుకు కూడా లొంగలేదు. కొడుకు అద్దాల ఫోన్, కొత్త సిమ్ కొనిచ్చాడు. నన్ను అటక మీద పాత పంచాంగాల పక్కన పడేశారు. టార్చి కోసమైనా గుర్తొస్తానేమో అనుకున్నాను. కొత్తదానికీ టార్చి ఉందట. ఎలుక ఒకటి నా మీటలు కొరికి చూసి, రుచించక వదిలేసింది. ఒకనాడు వీధిలో “పాత సెల్లులు కొంటాం” అని కేక వినపడింది. అవ్వ నన్ను ఒక ప్లాస్టిక్ చెంబుకు ఇచ్చేసింది. బేరం కూడా ఆడలేదు. అదే కొంచెం నొచ్చింది. ఇప్పుడు ధర్మవరంలో ఒక పాత సామాను కొట్టులో, నాలాంటి వాళ్ళ కుప్పలో ఉన్నాను.

నన్ను పారేసినందుకు అవ్వ మీద కోపం లేదు. పాత నంబరును బ్యాంకులో అలాగే వదిలేసినందుకు ఉంది. రీఛార్జి ఆపేస్తే కొన్నాళ్ళకు ఆ నంబరు రద్దవుతుంది. రద్దయిన తొంభై రోజుల తర్వాత కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. అవ్వ ఖాతా కబుర్లు ఇప్పుడు ఏ ఊళ్ళో ఎవరి జేబులో మోగుతున్నాయో. చదువుతున్న మీరు ఈ వారమే బ్యాంకుకు వెళ్ళి, మీ ఖాతాకూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఖాతాలకూ ఏ నంబరు ముడిపెట్టి ఉందో చూసుకోండి. పాతదైతే మార్పించండి. మార్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.