నేతికుండలు, ప్లాస్టిక్ డబ్బా

(విశాఖలో ఓ డాబా ఇల్లు. పండక్కి అందరూ చేరారు. పెళ్లయిన ఐదేళ్లలో కోడలికి చెయ్యని స్కాన్ లేదు, కట్టించని ముడుపు లేదు. కొడుకు ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు. ప్యాకేజీల ప్రకాష్‌ని ఎవరూ పిలవలేదు. ఈ రకం మనుషులు పిలిస్తే వచ్చేవాళ్లు కారు.)

పురాణాల పెదనాన్న: ఐవీఎఫ్ అట! తెల్లవాళ్లు కనిపెట్టారట! గాంధారి పిండాన్ని వ్యాసులవారు నూటొక్క ముక్కలు చేయించి నేతికుండల్లో పెట్టించలేదూ? 2019 జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్రా యూనివర్సిటీ వీసీ గారే అన్నారు, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని!

ల్యాబ్ అమ్మాయి: నెయ్యి ఎంత వేడిలో ఉంచారు పెదనాన్నా? మా ఇంక్యుబేటర్ 37 డిగ్రీల దగ్గర కాస్త అటూ ఇటూ అయితే చాలు, అలారం మోగి మా ప్రాణం తీస్తుంది.

పెదనాన్న: దివ్యదృష్టి ఇచ్చే మహానుభావుడికి థర్మామీటర్ ఎందుకమ్మా?

ప్యాకేజీల ప్రకాష్: కరెక్ట్ సార్! మా సెంటర్ లోగోయే కుండ! మూడు సైకిల్స్, ఈఎంఐ సదుపాయం, నూరు శాతం గ్యారంటీ. వయసు అడ్డే కాదు. 2019లో గుంటూరులో డెబ్భై దాటినావిడకు కవలలు పుట్టారు. పెద్దమ్మగారూ, మీకు గనక ఇంట్రెస్ట్ ఉంటే...

మొక్కుల పెద్దమ్మ: నోరు కడుక్కో నాయనా!

ల్యాబ్ అమ్మాయి: 2021లో చట్టం వచ్చింది కదండీ. ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 దాటితే చెయ్యకూడదు. ఇక గ్యారంటీ అంటారా, మొదటి విడతలోనే బిడ్డను ఎత్తుకునేది సగంమంది కూడా ఉండరు.

ప్రకాష్: గ్యారంటీ అంటే మేడమ్, ప్రయత్నానికి.

ల్యాబ్ అమ్మాయి: మన గొప్పే కావాలంటే ద్వాపరం దాకా ఎందుకు పెదనాన్నా? 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టింది. అక్టోబర్ 3న కలకత్తాలో దుర్గ. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత తల్లి గర్భంలో పెట్టారు.

పెదనాన్న: అద్దీ! ఘనంగా సన్మానం చేసుంటారు.

ల్యాబ్ అమ్మాయి: కమిటీ వేశారు. ఇదంతా నమ్మేది కాదని కమిటీ తేల్చింది. ఆయన్ని కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో పుట్టిన హర్షను దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని చెప్పుకున్న జట్టులోని ఆనంద్ కుమారే, తర్వాత ఆయన కాగితాలన్నీ చదివి, మొదట చేసింది ముఖోపాధ్యాయేనని 1997లో చాటారు.

పెదనాన్న: (ఆలోచించి) ఆ కమిటీవాళ్లు భారతం చదివుండరు.

పెద్దమ్మ: అవన్నీ మనకెందుకుగానీ, కోడలికి ఇంకోసారి లాప్రోస్కోపీ చేయిస్తే?

కోడలు: మూడోసారా అత్తయ్యా?

ల్యాబ్ అమ్మాయి: (సంచిలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, దానిమీద చీటీ అంటించి పేరు రాస్తూ) ముందు అన్నయ్యకు ఒక్క పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు నిష్ఠగా ఉండి శాంపిల్ ఇస్తే సరి. సూది లేదు, మత్తు లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంచోట్ల మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది.

(కొడుకు ఫోన్ సౌండు పెంచాడు.)

పెదనాన్న: మావాడికా? ఆ డబ్బాలోనా? శివశివా! మా వంశంలో అలాంటి లోపం లేదు.

ల్యాబ్ అమ్మాయి: కురువంశంలోనే ఉంది కదా! విచిత్రవీర్యుడు పిల్లల్లేకుండా పోతేనేగా సత్యవతి వ్యాసుణ్ణి పిలిపించింది? పాండురాజు భార్యను తాకితే ప్రాణమే పోతుంది. పాండవులు ఐదుగురూ దేవతల వరమే. మీరేమో కుండల దగ్గరే పేజీ మడిచి పెట్టేశారు.

పెదనాన్న: పాండురాజుది శాపం!

ల్యాబ్ అమ్మాయి: రిపోర్టులో ఆ కాలమ్ ఉండదు పెదనాన్నా. కౌంట్ రాస్తాం, కదలిక రాస్తాం.

పెదనాన్న: ఇక చాలించు అమ్మాయ్! పురాణం పురాణమే, సైన్సు సైన్సే! రెండూ కలిపి ఇంటి పరువు తియ్యకు.

ప్రకాష్: (కాలిక్యులేటర్ నొక్కుతూ) మగవాళ్ల టెస్ట్ వద్దనుకుంటే మైనస్ చేసేస్తాను సార్.

కోడలు: (డబ్బా అందుకుని భర్త ఫోన్‌కి అడ్డంగా పెట్టి) పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.