సమురాయ్‌కి పేరు పెట్టాలంటే: ఆరు తలకిందుల సలహాలు

కథలు రాయడం నేర్పేవాళ్లు పేర్ల గురించి నాలుగు మాటలు తప్పకుండా చెబుతారు. మంచి అర్థమున్న పేరు పెట్టు, ఒకదాన్నొకటి పోలకుండా చూసుకో, మధ్యలో మార్చకు, ఆ పేరుతోనే పిలిపించు. పాత జపాన్ వీరుడి కథ రాస్తున్నవాళ్లని మాత్రం ఈ నాలుగింటినీ తిరగేయమంటాను. సమురాయ్ పేరు అతని ఒక్కడి సొత్తు కాదు. ఎవరి కొడుకో, ఎవరి ఉప్పు తింటున్నాడో ఆ పేరే చెప్పేది.

1. అర్థం చూసి పేరు పెట్టకండి

పులి, పిడుగు, కత్తి అంటూ జపనీస్ మాటల పట్టిక ముందేసుకుని కూర్చోవద్దు. మీ వీరుడి ప్రభువెవరో ముందు తేల్చుకోండి. సమురాయ్ అసలు పేరులో మామూలుగా రెండు కంజి అక్షరాలుంటాయి. ప్రభువు మెచ్చితే తన పేరులోంచి ఒక అక్షరం ఇచ్చేవాడు. తొకుగావా ఇయెయాసు చిన్నతనంలో ఇమగావా యొషిమొతో దగ్గర బందీగా పెరిగాడు. 1555లో గెన్‌పుకు వేడుకతో పెద్దవాళ్లలో చేరినప్పుడు ప్రభువు పేరులోని ‘మొతో’ తీసుకుని మొతొనొబు అయ్యాడు, తర్వాత మొతొయాసు. 1560లో ఒకెహజామా యుద్ధంలో యొషిమొతో చనిపోయాడు. 1563లో ఇతను ‘మొతో’ను వదిలేసి ఇయెయాసు అయ్యాడు. ఇమగావా ఇంటితో తెగతెంపులైందని చెప్పడానికి ఆ ఒక్క అక్షరం చాలింది. ఇంత కథ ఏ అర్థాల పట్టికలో దొరుకుతుంది?

2. పేర్లు ఒకదాన్నొకటి పోలనివ్వండి

ఓదా నొబునాగా తండ్రి నొబుహిదే, తమ్ముడు నొబుయుకి, కొడుకులు నొబుతదా, నొబుకత్సు, నొబుతకా. ‘నొబు’ ఆ ఇంటి అక్షరం. తొకుగావా షోగన్లు, అంటే సైనిక పాలకులు, 15 మందిలో 11 మంది పేర్లు ‘ఇయె’తోనే మొదలవుతాయి. మీ వీరుడి అన్నదమ్ములకు తలా ఒక తీరు పేరు పెడితే వాళ్లు ఒక ఇంటివాళ్లలా కనబడరు. పాఠకుడు తికమకపడతాడని భయమా? దానికి మందు నాలుగో సలహాలో ఉంది.

3. కథ మధ్యలో పేరు మార్చండి

ఉఎసుగి కెన్‌షిన్ 1530లో, పులి సంవత్సరంలో పుట్టాడు. పసిపేరు తొరాచియో. ‘తొరా’ అంటే పులే, కానీ అది శౌర్యం చూసి పెట్టింది కాదు, పుట్టిన ఏడాదిని బట్టి వచ్చింది. పెద్దయ్యాక నగావో కగెతొరా. ఉఎసుగి ఇంటిపేరు దక్కాక మసతొరా. షోగన్ అషికాగా యొషితెరు నుంచి ‘తెరు’ అందుకుని తెరుతొరా. చివరికి బౌద్ధ నామం కెన్‌షిన్. ఒక్కో పేరు ఒక్కో మలుపు. మీ కథలోనూ పేరు మారిన చోట అధ్యాయం మారాలి.

4. పెట్టిన పేరుతో పిలవనివ్వకండి

అసలు పేరును ‘ఇమినా’ అంటారు. దాంతో ఎదుటి మనిషిని పిలవడం అమర్యాద. భర్త పేరు నోట పలకని మన అమ్మమ్మల కాలం గుర్తున్నవాళ్లకు ఇది వింతగా తోచదు. పిలుపుకి వేరే పేరుండేది: తారో, జిరో, సబురో, అంటే పెద్దవాడు, రెండోవాడు, మూడోవాడు. నొబునాగా పిలుపుపేరు సబురో. ప్రభువును పోగొట్టుకున్న 47 మంది సమురాయ్‌లకు, అంటే రోనిన్లకు నాయకుడైన ఓయిషిని లోకం కురానొసుకే అనే ఎరుగు. అది కూడా పిలుపుపేరే. సంభాషణల్లో పిలుపుపేరో పదవిపేరో వాడండి. అసలు పేరును సంతకానికీ, శాసనానికీ దాచండి.

5. వీరనారి పేరులో ఇంటిపేరు వెతకకండి

హెయికె గాథలోని తొమొయె గోజెన్ పేరు చూసి ‘గోజెన్’ ఇంటిపేరనుకుంటారు. అది గౌరవవాచకం. మీ కథలో తల్లీకూతుళ్లిద్దరికీ దాన్ని వంశనామంగా అంటించకండి. 1868లో అయిజు యుద్ధంలో నగినాతా అనే పొడవాటి పిడి కత్తి పట్టి పోరాడి మరణించిన నకానో తకెకోకి మాత్రం ఇంటిపేరుంది: నకానో. జపాన్‌లోనూ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఇంగ్లీషు పుస్తకాలు చూసి తిరగేయకండి.

6. విదేశీయుడికి గంభీరమైన పేరు వద్దు

1600లో జపాన్ తీరం చేరిన ఇంగ్లీషు నావికుడు విలియం ఆడమ్స్ ఇయెయాసు కొలువులో చేరాడు. అక్కడ అతని పేరు మియురా అంజిన్. మియురా అతనికి భూమి ఇచ్చిన ప్రాంతం, అంజిన్ అంటే ఓడకు దారి చూపేవాడు. ఊరూ వృత్తీ కలిస్తే పేరైంది. మీ పాత్రకూ అంతే చాలు.

కలం పట్టేముందు ఒక కాగితం మీద అయిదు గడులు గీయండి: పసిపేరు, పిలుపుపేరు, తండ్రి ఇచ్చిన అక్షరం, ప్రభువు ఇచ్చిన అక్షరం, చివరి పేరు. అవి నిండేసరికి సగం కథ మీకే తెలిసిపోతుంది. ఒక మనిషికి ఒకటే పేరుండాలని మెయిజీ ప్రభుత్వం ఆజ్ఞ వేసింది 1872లో. మీ కథ అంతకు ముందుదైతే, దయచేసి మీ వీరుణ్ని ఒక్క పేరుతో సరిపెట్టకండి.