పట్టాల్లేని సెక్షన్

రైలు పట్టాల మీద నడిచేవాళ్ళని అదిలించడం నా ఉద్యోగంలో సగం. పట్టాలు చూసుకోవడం మిగతా సగం. గుంతకల్లు డివిజన్‌లో పి.డబ్ల్యు.ఐ.గా చేసి రిటైరైనవాణ్ణి. పి.డబ్ల్యు.ఐ. అంటే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్. తెలుగులో శాశ్వత మార్గ పర్యవేక్షకుడు. పేరు వింటే ఏదో మఠానికి పీఠాధిపతి అనుకుంటారుగానీ, పనంతా కంకరలోనే.

తెల్లారి చెంబుతో వచ్చేవాళ్ళు, మేకల్ని తోలుకొచ్చేవాళ్ళు, అడ్డదారిన కాలేజీకి పోయే కుర్రాళ్ళు. అందరికీ ఒకటే మంత్రం చదివేవాణ్ణి: "1989 రైల్వే చట్టం, 147వ సెక్షన్. ఆర్నెల్ల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ." చెంబు పట్టుకున్నవాడికి చివరిదాకా వినే తీరిక ఉండేది కాదు.

అలాంటి నన్ను, కాన్సస్ సిటీలో ఉన్న మా అబ్బాయి, పోయిన శనివారం రాత్రి భోజనాల దగ్గర అడిగాడు. "నాన్నా, రేపు రైలు కట్ట మీద సైకిల్ తొక్కుదామా?"

"నన్ను జైల్లో వెయ్యడానికా ఇంతదూరం పిలిపించావు?" అన్నాను.

"పట్టాలు ఎప్పుడో తీసేశారు నాన్నా. కార్లుండవు, లారీలుండవు. గ్రావెల్ దారి."

గ్రావెల్ అన్నాడు కదాని నేను ఎర్రమట్టి ఊహించుకున్నాను. మన దగ్గర గ్రావెల్ అంటే అదే కదా. ఎన్నికల ముందు తోలతారు, మొదటి వానకి మళ్ళీ చెరువులోకి పోతుంది. వీడికేమో ఈ మధ్య గ్రావెల్ పిచ్చి పట్టింది. పక్కనే కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊళ్ళో ఏటా 200 మైళ్ళ గ్రావెల్ పోటీ జరుగుతుందట. చెకుముకి రాళ్ళ గుట్టల్లో దారి. ఆ రాళ్ళు టైర్లని కత్తిలా కోస్తాయట. దానికి డబ్బు కట్టి మరీ పోతారట. మా మండలంలో ఉచితంగా దొరికేదానికి ఇంత ఖర్చేమిట్రా అన్నాను. కోడలు నవ్వింది. వాడు నవ్వలేదు, ఫీజు కట్టేసినట్టున్నాడు.

పొద్దున సైకిలు చూపించాడు. చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను. స్టాండు లేదు. క్యారియర్ లేదు. మడ్‌గార్డులు లేవు. చైన్ కవర్ లేదు. మనం సైకిలు కొనేటప్పుడు షాపువాడితో పోట్లాడి ఊరికే వేయించుకునేవన్నీ ఇక్కడ ఏరి ఏరి తీసేశారు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. టైర్లు మాత్రం బొద్దుగా, పల్లాలు పల్లాలుగా ఉన్నాయి. ధరెంత అన్నాను. మా వాడు మాట మార్చాడు. కోడలు చెప్పింది. అప్పట్నించి ఆ సైకిలు పక్కనుంచి పోయేటప్పుడు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోతున్నాను.

తర్వాత నిక్కరు. వెనకభాగంలో చిన్న పరుపు కుట్టి ఉంటుంది. లోపల ఇంకేమీ వేసుకోకూడదని మావాడు తలుపు అవతల నుంచి గొంతు తగ్గించి చెప్పాడు. ఆ వేషంలో హాల్లోకి వస్తే మా ఆవిడ టీవీ కట్టేసి చూసింది. "యాత్రకా, ఆపరేషనుకా?" అంది.

ఆ దారి పేరు కేటీ ట్రైల్. కేటీ ఎవరో దానం చేసిన ధర్మాత్మురాలు అనుకున్నాను. కాదట. మిస్సోరి, కాన్సస్, టెక్సస్ రైల్‌రోడ్ అని ఒక కంపెనీ ఉండేది. ఎం.కె.టి. చివరి రెండక్షరాలూ నోట్లో నలిగి కేటీ అయింది. 1986లో వరదలకి మిస్సోరి నది పక్కనున్న లైను దెబ్బతింది, ఆ దారిలో బళ్ళు ఆగిపోయాయి. 1990లో మొదటి ముక్క సైకిళ్ళకి తెరిచారు. ఇప్పుడు క్లింటన్ నుంచి మాచెన్స్ దాకా సుమారు 240 మైళ్ళు. మేం వెళ్ళింది పడమటి కొసన, విండ్సర్ నుంచి సెడేలియా దాకా. అటువైపు నది ఉండదు. పచ్చిక బయళ్ళు, మొక్కజొన్న, సోయా చేలు, ఆవులు. నేలంతా ఆరేసిన దుప్పటి గాలికి లేచినట్టు లేస్తూ పడుతూ ఉంటుంది. విండ్సర్ చుట్టుపక్కల ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ళున్నారు, గుర్రబ్బండ్లలో తిరుగుతారు. ఎదురొచ్చిన బండిలోని గడ్డం పెద్దమనిషి నా నిక్కరు చూసి తల పక్కకి తిప్పుకున్నాడు. ఈ దేశంలో నాకు నచ్చిన మొదటి మర్యాద అది.

సైకిలెక్కి నాలుగు తొక్కులు తొక్కగానే నాకు తెలిసిపోయింది. ఇది నా దారే. పట్టాలు పీకారుగానీ కట్ట ఎక్కడికి పోతుంది? అటూ ఇటూ నేల మెలికలు తిరుగుతోంది, పక్క రోడ్డు మీద కార్లు గుట్టెక్కుతూ పల్లంలో మాయమవుతున్నాయి, మేం మాత్రం బల్లపరుపుగా పోతున్నాం. గుట్ట అడ్డొచ్చినచోట కోత కోశారు. పల్లం వచ్చినచోట ఆ కోతలో మట్టే తెచ్చి కట్ట పోశారు. ఎందుకంటే రైలింజనుకి ఎక్కడం చేతకాదు. ఇనప చక్రం, ఇనప పట్టా, జారిపోతుంది. మైదానంలో 150 అడుగులు పోతే ఒక్క అడుగు ఎత్తు లేచినా డ్రైవర్లకి భారమే. ఆ చేతకానితనం నా మోకాళ్ళకి కలిసొచ్చింది. పైగా ఈ దారి మొత్తమ్మీద ఎత్తైన చోటు విండ్సర్ దగ్గరే, సముద్రమట్టానికి 955 అడుగులు. అక్కడ మొదలుపెడితే ఎలా లేదన్నా దిగుడే ఎక్కువ. ఇది మావాడి తెలివి కాదు, నాదే. ముందురోజు రాత్రి మ్యాపు చూసి పెట్టుకున్నాను.

గ్రావెల్ కూడా మన గ్రావెల్ కాదు. మా రైల్వే కంకర మీద సైకిలు కాదుకదా, మేకే కుదురుగా నడవలేదు. వీళ్ళు సున్నపురాయిని చిప్స్‌గా, పొడిగా కొట్టి పరిచి అణిచారు. టైరు కింద సన్నగా కరకరమంటుంది, అప్పడం నములుతున్నట్టు. ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. హారన్ లేదు. వెనకనుంచి ఆర్టీసీ బస్సు గొంతు లేదు. మొదటి మైలంతా నాకు ఏదో పోగొట్టుకున్నట్టే ఉంది.

రెండో మైల్లో ఒకావిడ వెనకనుంచి వస్తూ "ఆన్ యువర్ లెఫ్ట్!" అని కేకేసింది. నేను పుట్టినప్పట్నుంచీ ఎడమపక్కనే పోయేవాణ్ణి, అక్కడా ఎడమపక్కనే పోతున్నాను. అది గమనించి మెచ్చుకుంటోంది కాబోలనుకుని చెయ్యూపాను. ఆవిడ గడ్డిలోంచి చుట్టు తిరిగి పోయింది. "నీ ఎడమనుంచి దాటుతున్నాను, కుడికి జరుగు" అని దాని అర్థమట. వెనక్కి తిరిగి "సారీ" అని కూడా అంది పాపం. 147వ సెక్షన్ నాకే వర్తింపజేసుకోవాలనిపించింది.

నన్ను కదిలించింది మైలురాళ్ళు. పట్టాలు పోయాయి, బళ్ళు పోయాయి, కంపెనీ పోయింది, లెక్క మాత్రం రైలుదే ఉంచారు. సెయింట్ లూయిస్ నుంచి కొలిచిన పాత మైళ్ళు. విండ్సర్ 248, సెడేలియా 227. ఒక్కో రాయి దగ్గరా నా కాళ్ళు వాటంతటవే ఆగుతున్నాయి. మూడుచోట్ల తూములోకి వంగి నీళ్ళు పారుతున్నాయా అని చూశాను. నాలుగోచోట వంగేటప్పుడు ఈ సైకిలుకి స్టాండు లేదన్న సంగతి మర్చిపోయాను. అదీ నేనూ కలిసి కట్ట దిగువన తేలాం. మావాడు పరుగెత్తుకొచ్చి ముందు సైకిలు లేపాడు. ధర తెలిసినవాణ్ణి కనక నేనేమీ అనుకోలేదు.

అన్నిటికంటే పెద్ద అవమానం లెవెల్ క్రాసింగ్. గేటు లేదు, గేట్‌మన్ లేడు, గుమ్మటంలాంటి గది లేదు. సరే. కానీ "ఆగుము" బోర్డు రోడ్డు వైపు కాదు, మావైపు తిరిగి ఉంది! లైను మీద పోయేవాడు రోడ్డు ఖాళీ అయ్యేదాకా నిలబడటం నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. మంత్రి కారైనా మా గేటు దగ్గర ఇంజను ఆపుకుని కూర్చోవాల్సిందే. నేను బోర్డు పక్కన నిలబడి ఆలోచిస్తుంటే, రోడ్డు మీద వచ్చిన ట్రక్కాయన తనే ఆగి, పొమ్మని చెయ్యూపాడు. అదీ మర్యాద. తలెత్తుకుని దాటాను.

పదిహేనో మైలుకి తొడలు మాట్లాడటం మొదలుపెట్టాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను లైను చూసింది ఎక్కువగా పుష్ ట్రాలీ మీద. నలుగురు ట్రాలీమన్లు పట్టా మీద పరుగెత్తి తోసి, ఎగిరెక్కేవాళ్ళు. నేను గొడుగు కింద బల్ల మీద కూర్చుని నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. వాళ్ళ తొడలు ఏమనుకునేవో ఈ ఆదివారం నాకు వివరంగా తెలిసింది.

సెడేలియా చేరేసరికి కోడలు కారుతో స్టేషను దగ్గర ఉంది. 1896లో కట్టిన స్టేషను, చక్కగా బాగుచేసి ఉంచారు. ప్లాట్‌ఫారం వైపు చూసి అలవాటుగా చొక్కా సర్దుకున్నాను. మనదగ్గర మీటర్ గేజ్‌ని బ్రాడ్ గేజ్ చేసినప్పుడు, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల ఘాట్‌లో పాత దారి పక్కన పడిపోయింది. దొరబావి వంతెనమీద నేను నడిచిన రోజులున్నాయి. అడవిలోంచి పోయే ఆ పాత కట్ట మీద సైకిలు తొక్కితే ఎలా ఉంటుందో అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే చిరుతపులి గుర్తొచ్చింది. అది "ఆన్ యువర్ లెఫ్ట్" అనదు కదా.

ఆ రాత్రి నడుముకి జండూబామ్ రాయించుకుంటూ, నా దగ్గర ఇరవయ్యేళ్ళు కీమన్‌గా చేసినాయనకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది. రోజూ సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని తన బీటంతా పొయ్యి, మళ్ళీ నడిచి వచ్చినవాడు. రిటైరైనా ఆరింటికే లేస్తాడు. సంగతంతా చెప్పాను.

"పట్టాల్లేని లైను ఏం చూసినారు సార్, మీరు?" అన్నాడు.

"తూములు చూశాను. మైలురాళ్ళు చూశాను."

"జెండాలు తీసకపోలేదా?"

"నిక్కరుకి జేబుల్లేవయ్యా." ఇంక గొప్పగా చెప్పడానికి నాకు మిగిలింది చట్టం ఒక్కటే. "ఇక్కడో తమాషా ఉంది. 1983లో చట్టం తెచ్చారు. లైను మూసేసినా మూసేసినట్టు రాసుకోరు. దాచిపెట్టినట్టు రాసుకుంటారు. బ్యాంకులో వేసినట్టన్నమాట. రేపు కావాలంటే మళ్ళీ పట్టాలు పరుచుకోవచ్చు. అందాకా సైకిళ్ళు తిరుగుతాయి. కొందరు కోర్టుకెక్కారు, 1990లో సుప్రీంకోర్టు కూడా చట్టం సరైందే అంది."

అవతల కాసేపు చప్పుడు లేదు. బీడీ ముట్టించుకుంటున్నాడనుకున్నాను.

"అంటే కాగితాల్లో లైను ఇంకా ఉండాదా సార్?"

"ఉన్నట్టే."

"అయితే ఈసారి పొయ్యేటప్పుడు," అన్నాడు, "ఎనక్కి చూసుకుంటా తొక్కండి సార్."