టెల్ ఆత్మకథ: లెక్కల్లోంచి మాటల్లోకి

ఇది టెల్ అనే ఇంగ్లిష్ క్రియ ఆత్మకథ. చెబుతున్నది స్వయానా టెల్లే. కాకపోతే తన గొప్ప తానే చెప్పుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుందని, 'నేను' అనకుండా ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పుకొస్తోంది.

పాత ఇంగ్లిష్‌లో టెల్ పేరు టెల్లన్. లెక్కపెట్టడం, వరసగా వివరించడం రెండూ దాని పనులే. జర్మన్‌లో దాని దాయాది త్సేలెన్, డచ్‌లో టెల్లెన్ ఇప్పటికీ లెక్కలే చూసుకుంటున్నాయి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో దేవుడు అబ్రాహామును నక్షత్రాలు లెక్కపెట్టమన్న చోట వాడిన క్రియ టెల్లే.

ఆ పాత కొలువు ఆనవాళ్లు ఇంకా చెరిగిపోలేదు. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగి టెల్లర్. మన వీధి చివర ఏటీఎంలో నడిమి అక్షరం ఆ టెల్లరే. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభలో ఓట్లు లెక్కపెట్టే సభ్యులూ టెల్లర్లే. 'ఆల్ టోల్డ్' అంటే అన్నీ కలిపితే అని. 'అన్‌టోల్డ్ వెల్త్' అంటే లెక్కకందని సంపద.

మాటల కొలువులో మాత్రం టెల్‌కి సే అనే తోటి ఉద్యోగి ఉంది. సేకి మాట ముఖ్యం, టెల్‌కి వినే మనిషి ముఖ్యం. 'హి సెడ్ హి వాజ్ టైర్డ్' అంటే చాలు, ఎవరితో అన్నాడో అక్కర్లేదు. టెల్ దగ్గర అలా కుదరదు. 'హి టోల్డ్ మి' అంటూ మనిషి వెంటనే రావాలి, మధ్యలో టు దూరకూడదు. పని పురమాయించేదీ టెల్లే: 'షి టోల్డ్ అస్ టు వెయిట్' అంటే మమ్మల్ని ఆగమంది అని.

తెలుగువాళ్ల నోట్లో దానికి తిప్పలు తప్పవు. ఇక్కడ 'చెప్పు' ఒక్కటే రెండు పనులూ చక్కబెడుతుంది. 'రేపు వస్తానని చెప్పాడు' అన్నప్పుడు వినేవాళ్ల ఊసే లేదు. దాన్ని 'హి టోల్డ్ దట్' అని మొదలుపెట్టేస్తారు. 'నాతో చెప్పాడు' అన్నప్పుడు ఆ 'తో'కి బదులు వెతికి 'టోల్డ్ టు మి' అంటారు. రెండూ టెల్‌కి గిట్టవు. మొదటిచోట 'సెడ్', రెండోచోట 'టోల్డ్ మి' ఉండాలి.

అలాగని అది మరీ మొండిది కాదు. నిజం, అబద్ధం, కథ, టైం చెప్పేటప్పుడు వినేవాళ్లు ఎవరని అడగదు. టెల్ ద ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ, టెల్ ద టైం అన్నీ చెల్లుతాయి. అక్కడ సేని కూర్చోబెడితే అతకదు. తేడా పసిగట్టడమూ దాని పనే: కవలలను చూసి 'ఐ కాంట్ టెల్ దెమ్ అపార్ట్' అంటే ఎవరెవరో పోల్చుకోలేకపోతున్నానని.

కాబట్టి ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు వినే మనిషి వాక్యంలో ఉన్నాడో లేడో ఒకసారి చూసుకోండి. ఉంటే టెల్‌ను పిలవండి, లేకపోతే, నిజం, అబద్ధం, కథ, టైం లాంటి చోట్ల తప్ప, సే సరిపోతుంది. టెల్‌కీ మనిషికీ నడుమ మాత్రం టు పెట్టకండి.