వెయ్యా, పన్నెండొందలా: ఒక సెకండ్‌హ్యాండ్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

చీమకుర్తిలో మా బావమరిది కారు కొంటానని సంకల్పం చెప్పుకుని మూడు నెలలైంది. ఇంట్లో అతను, మా చెల్లెమ్మ, అమ్మానాన్న, ఎల్‌కేజీ చదివే పాప. చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు బండి, సెకండ్‌హ్యాండ్. ఇంతవరకూ ఇంట్లో ఏకాభిప్రాయమే. ఇంజన్ దగ్గరే రెండు మతాలు పుట్టాయి. బావమరిదిది వెయ్యి సీసీ మతం, వ్యాగన్ఆర్ వారి ఆరాధ్యదైవం. వాళ్ళ నాన్నగారిది పన్నెండొందల మతం, ఆయనకు స్విఫ్ట్ తప్ప మరొకటి కనపడదు. వాదం ముదిరి మెకానిక్ దగ్గరికి చేరింది. ఆయన టీ తాగుతూ ఒక్క మాటన్నాడు. ఆ మాటని నేను పద్యంలో పెట్టాను. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు, మెకానిక్‌కు నేను దొరికాను. ఎవరి అదృష్టం వారిది.

మూలం

వెయ్యి సీసి చాలు వీధిలోఁ దిరుగంగ
నేసి వేసి నల్గు రెక్కిరేని
రెండు వందలింక లేనిచోఁ గొండపై
దిగుడు దిగుడటంచుఁ దెలుపు బండి

ప్రతిపదార్థం

వీధిలోన్ = ఊరి వీధుల్లో, మహా అయితే ఒంగోలు దాకా; తిరుగంగన్ = తిరగడానికి; వెయ్యి సీసి = వెయ్యి ఘన సెంటీమీటర్ల ఇంజను; చాలు = సరిపోతుంది; ఏసి వేసి = ప్రకాశం జిల్లా ఎండకు తాళలేక ఏసీ బటన్ నొక్కి; నల్గురు = నలుగురు మనుషులు (పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు గనుక కవి లెక్కలోకి తీసుకోలేదు); ఎక్కిరేని = ఎక్కినట్లయితే; ఇంక రెండు వందలు = అదనంగా మరో రెండు వందల సీసీ; లేనిచోన్ = లేకపోతే; కొండపైన్ = ఘాట్ రోడ్డు మీద; బండి = కారు; దిగుడు దిగుడు అటంచున్ = దిగండి, దిగండి అంటూ; తెలుపు = తెలియజేస్తుంది. నోటితో కాదు, ఇంజను రొదతో.

తాత్పర్యం

బండి సైజు ఊరిని బట్టి కాదు, ఎక్కే మనుషుల్ని బట్టి, ఎక్కించే కొండని బట్టి ఎంచుకోవాలని భావం.

విశేషాంశాలు

1. ‘వెయ్యి’ అన్నది వ్యవహారం. ఆర్‌సీలో ఉండేది 998. ‘పన్నెండొందలు’ అన్నదీ అంతే, అక్కడ ఉండేది 1197. బాటా చెప్పుల ధరలా ఈ రెండు మూడు అంకెలు ఎందుకు తగ్గాయని శిష్యుడు అడగవచ్చు. పన్నెండొందల వరకైతే సమాధానం వ్యాకరణంలో లేదు, బడ్జెట్‌లో ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న కారును ‘చిన్న కారు’ అని నిర్వచించి, ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16కి దించారు. 2005లో 1298 సీసీతో వచ్చిన స్విఫ్ట్ పెట్రోలు బండి 2010లో 1197కు దిగింది. కవులు యతి కోసం అక్షరాలు కుదించినట్టు కంపెనీలు పన్ను కోసం సిలిండర్లు కుదించాయి.

2. ‘రెండు వందలు’ ఎంతో తెలియాలంటే వంటింట్లోకి పోవాలి. వెయ్యి సీసీ అంటే రెండు అర లీటరు పాలప్యాకెట్లు. పన్నెండొందలంటే ఆ రెండూ, మీద ఒక చిన్న కూల్‌డ్రింకు సీసా. తండ్రీకొడుకులు మూడు నెలలుగా మాటలు మానుకున్నది ఆ సీసా కోసం. నిర్మాణం చూస్తే ఇంకా విచిత్రం. మారుతి వెయ్యి సీసీ కె10, పన్నెండొందల కె12 ఇంజన్లు రెండింటిలోనూ సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లే. మొదటిదానికి మూడు సిలిండర్లు, రెండోదానికి నాలుగు. అందుకే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మొదటిది కాస్త వణుకుతుంది. అది చలి కాదు, మూడు సిలిండర్ల స్వభావం.

3. ‘నల్గురు’ అన్న పదాన్ని తేలిగ్గా తీసుకోరాదు. మనిషికి 65 కిలోల చొప్పున నలుగురు 260 కిలోలు. మన వైపు లెక్కలో ఇంచుమించు ఆరు మిర్చి టిక్కీలు. ఖాళీ బండిలో ఒక్కడే కూర్చుని టెస్ట్ డ్రైవ్ చేసి ‘పికప్ అదిరింది బావా’ అనేవాడు ఆరు టిక్కీలు దించేసి ఎడ్లను మెచ్చుకున్నట్టు.

4. ‘లాగుడు’ అనే మాట మూలంలో లేకపోయినా అధ్యాహారం చేసుకోవాలి. గుర్రపు బలం వేరు, లాగుడు వేరు. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీ చూసినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. అక్కడ మొదటి అడుగులో రాయి కదిలించే జతకే పేరు. కె10 లాగుడు 90 న్యూటన్ మీటర్లు, కె12ది 113. సీసీలో తేడా అయిదో వంతు, లాగుడులో నాలుగో వంతు. చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్ళే దారిలో గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు వేసుకుని బరువుగా పోయే లారీని దాటాలన్నప్పుడు ఆ నాలుగో వంతు విలువ తెలుస్తుంది. ఎదురుగా ఇంకో లారీ వస్తుంటే మరీ బాగా తెలుస్తుంది.

5. ‘కొండ’ అంటే ఏ కొండ? కొందరు వ్యాఖ్యాతలు తిరుమల అన్నారు. ప్రకరణాన్ని బట్టి శ్రీశైలమని మా అభిప్రాయం. చీమకుర్తి వాళ్ళు పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా వెళతారు. దోర్నాల దాటితే నల్లమల, మలుపులు, ఎత్తులు. పులుల అభయారణ్యం గనుక రాత్రి 9 దాటితే గేటు వేసేస్తారు. వెయ్యి సీసీ ఎక్కదా? ఎక్కుతుంది. రెండో గేరులో, ఏసీ ఆపి, కిటికీలు దించి, నాన్నగారి మౌనం భరిస్తూ ఎక్కుతుంది. ‘దిగుడు’ అన్నది అతిశయోక్తి అలంకారం.

పూర్వపక్షం

‘పెద్ద ఇంజను పెట్రోలు తాగేస్తుంది’ అని బావమరిది ఆక్షేపణ. వినడానికి సబబుగానే ఉంది. కానీ 2014 నాటి కంపెనీ లెక్కల్లోనే లీటరుకు వ్యాగన్ఆర్ 20.51 కిలోమీటర్లు, స్విఫ్ట్ 20.4. పదో వంతు కిలోమీటరు తేడా. అవి పరీక్షశాల అంకెలు, రోడ్డు మీద రెండూ తగ్గుతాయి. పైగా నిండు బరువుతో చిన్న ఇంజను గొంతు చించుకుంటే దాని మైలేజీయే ముందు పడిపోతుంది. ఇన్సూరెన్సులో మాత్రం ఆక్షేపణ నిలుస్తుంది. 2022 జూన్‌లో కేంద్రం ప్రకటించిన థర్డ్ పార్టీ రేట్లలో వెయ్యి సీసీ లోపు ఏడాదికి 2,094 రూపాయలు, అది దాటి 1500 లోపు 3,416. తేడా 1,322. నెలకు 110. నాన్నగారి మౌనం ఖరీదుతో పోలిస్తే చవకే.

కాలనిర్ణయం

తాళపత్ర గ్రంథానికి లిపిని బట్టి కాలం కడతారు, పాత కారుకు నంబరు ప్లేటును బట్టి. ‘ఏపీ 27’ అని ఉంటే ప్రకాశం జిల్లా బండి, 2019కి పూర్వపుది. ఆ ఏడాది నుంచి రాష్ట్రమంతటికీ ‘ఏపీ 39’ ఇచ్చారు. ఇక ఎద్దును పళ్ళు చూసి కొంటాం. కారుకు ఓడోమీటరును పళ్ళనుకోకూడదు, దాన్ని వెనక్కి తిప్పొచ్చు. బ్రేకు పెడలు రబ్బరు, స్టీరింగు తోలు, డ్రైవరు సీటు అంచు, ఇవీ అసలు పళ్ళు. నలభై వేల కిలోమీటర్ల బండికి పెడలు నున్నగా అరిగిందంటే అది ప్రక్షిప్తం. క్వారీ రోడ్డులో తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టరు విప్పి చూడాలి. చీమకుర్తి నల్లరాయిలో బంగారు చుక్కలకు దేశదేశాల్లో గిరాకీ ఉంది గానీ ఆ రాయి పొడికి ఇంజన్లో గిరాకీ లేదు.

ఛందస్సు

ఇది ఆటవెలది. సీసంలో ఎందుకు రాయలేదంటారా? పెట్రోలులో సీసాన్ని 2000లోనే దేశమంతటా ఆపేశారు. మూడో పాదంలో ‘రె’కు ‘లే’తో యతి కుదిరింది, ర-లలకు భేదం లేదన్నారు పెద్దలు. ఆర్‌సీ మీది ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు దగ్గర ఈ అభేదం చెల్లదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా కొనొద్దు.

పాఠాంతరాలు

బ్రోకరు ప్రతిలో ‘సింగిల్ హ్యాండ్, షోరూమ్ ట్రాక్, ఒక్క రూపాయి పని లేదు’ అని అదనపు చరణం కనిపిస్తోంది. అన్ని బండ్లకూ ఒకే చరణం ఉండటం వల్ల దీన్ని మూలకారుడిది కాదని పరిహరించాం.

సిద్ధాంతం

సీసీ శబ్దం, బరువు అర్థం. రోజూ ఇద్దరు ఒంగోలు వెళ్ళొచ్చే ఇంటికి 998 చాలు, మిగిలిన డబ్బు టైర్లకు పెట్టుకోవచ్చు. అయిదుగురు ఎక్కి ఏడాదికి రెండుసార్లయినా కొండకు పోయే ఇంటికి 1197. ఈ ఇంటికి రెండోదే. అయితే అరిగిపోయిన 1197 కన్నా బాగున్న 998 మేలన్నది రెండు మతాలకూ సమ్మతం.

ఫలశ్రుతి

ఈ టీకా చదివినవారు అమ్మేవాడి ఇంటికి చెప్పకుండా పొద్దున్నే వెళ్ళాలి. బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజను చల్లగా ఉందో లేదో చూడాలి. స్టార్ట్ చేయించి పొగ చూడాలి, నీలంగా వస్తే ఆయిలు తాగుతోందని అర్థం. తర్వాత ఇంటిల్లిపాదినీ ఎక్కించి, ఏసీ వేసి, ఎత్తున్న రోడ్డు మీద నడపాలి. అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వాలి.